కాటా మీద సంచి

పోర్టు క్యాంటీన్ గోడకి కాగితం అంటించారు.
ఆపద వేళకి మీరెంత సిద్ధం?
అధ్యయనానికి వాలంటీర్లు కావలెను.
కింద చిన్నక్షరాల్లో, టీ, రెండు సమోసాలు.
లారీ కాటా దగ్గర పనిచేసేవాళ్ళలో
పేరిచ్చింది నేనొక్కదాన్నే.
సమోసాల కోసమేనని వరహాలు నవ్వాడు.
నిజమే, సగం.

అడగడానికొచ్చిన అమ్మాయి పేరు నిస్సీ.
బొగ్గు దుమ్ముకి తుమ్ముతూనే అడిగింది
ఇంట్లో ఎన్ని లీటర్ల నీళ్ళుంటాయని.
కుళాయి వచ్చిన రోజా, రాని రోజా? అన్నాను.
ఆ గడిలో ఏం రాసుకుందో కనబడలేదు.
టార్చి ఉందా?
ఉంది.
వెలుగుతుందా?

వచ్చే వారం ఒక సంచి సర్ది తెమ్మంది,
ఉన్నపళంగా ఇల్లు విడవాల్సొస్తే
చేతికి తీసుకునే సంచి.
తూకం వేస్తారట.

పద్నాలుగేళ్ళుగా లారీల్ని తూస్తున్నాను.
నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి,
మధ్య తేడాయే సరుకు.
నా సరుకెంతో చూస్తామని
ఇన్నాళ్ళకి ఎవరో వచ్చారు.

ఆ రాత్రి మల్కాపురం గదిలో మంచం మీద అన్నీ పరిచాను.
ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం,
మూడూ పాల ప్యాకెట్ల కవర్లో చుట్టి దారం కట్టాను.
అటుకులు, బెల్లం ముక్క, ఒక జత బట్టలు.
తడిపి ముక్కుకి కట్టుకోడానికి తువ్వాలు.
ఈ ఊళ్ళో గాలి కోసం కూడా ఒక వస్తువు పెట్టుకోవాలి.
హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు
పక్కింటి రత్తాలు పిన్ని మాత్రల పేరు ఎవరికీ గుర్తులేక
ఖాళీ అట్ట పట్టుకుని కంచరపాలెం దాకా నడిచాను,
దారంతా పడిపోయిన చెట్లు ఎక్కి దిగుతూ.
అందుకని ఆ మాత్రల అట్ట ఒకటి వేశాను.
పిన్ని పోయి రెండేళ్ళయిందని
జిప్పు లాగాక గుర్తొచ్చింది.
తియ్యలేదు.

ఏడు కిలోల రెండొందలు.
బాగా సర్దారు, అంది నిస్సీ.
ఏది ఎందుకో ఒక్కొక్కటే అడిగింది.
అట్ట దగ్గర నేనేం మాట్లాడలేదు,
ఆమె రెండోసారి అడగలేదు.
ఆపదలో ఎవరికి ఫోన్ చెయ్యాలి? చివరి గడి.
వరహాలు నంబరు రాశాను,
అతన్ని అడక్కుండానే.

మూడు నెలలకి, చెప్పాపెట్టకుండా,
రాత్రి రెండూ పదికి మెసేజ్.
ఇది పరీక్ష. సముద్రం పొంగిందనుకోండి.
సంచి చేతికి రావడానికి ఎన్ని నిమిషాలు?

నేను నైట్ షిఫ్టులో ఉన్నాను.
సంచి మల్కాపురంలో, మంచం కింద,
జిప్పు వేసుకుని, నాకంటే సిద్ధంగా.

కాటా గదిలో సగం టీ ఉన్న ఫ్లాస్కు,
ఛార్జరు, లారీ నంబర్ల పుస్తకం.
బయట వరసలో ఎనిమిది లారీలు.
క్యాబిన్లలో నిద్రపోతున్నవాళ్ళకి ఏ మెసేజూ రాలేదు.
వెళ్ళి మొదటి లారీ తలుపు కొట్టాను,
ఎందుకో నాకే సరిగ్గా తెలీకుండా.
రాయగడ డ్రైవరు సనాతన్ కళ్ళు నులుముకుంటూ
తూకమా? అన్నాడు.
కాదు, పరీక్ష.
అయితే పరిగెత్తాలా?
ఎటు?
ఇద్దరం చీకట్లో నిలబడి ఆలోచించాం.
అదిగో యారాడ కొండ.
మధ్యలో గోడ, గోడకి గేటు, గేటుకి తాళం.
తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో
పద్నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా అడగలేదు నేను.

తెల్లారి వరహాలు డ్యూటీకొచ్చాడు.
నీ నంబరిచ్చాను, అన్నాను.
దేనికి?
వెనక గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది?
అతనికీ తెలీదు.
టీ తాగకుండానే ఇద్దరం వెతకడానికి బయల్దేరాం.

సంచి ఇప్పుడు కాటా గదిలో, నా కుర్చీ కింద.
ఒకరోజు లారీలు లేనప్పుడు
కాటా మధ్యలో పెట్టి వచ్చి చూశాను.
సున్నా.
ఇరవై కిలోల లోపు బరువులు
దానికి తెలీవు.